పన్నెండో తొట్టి

మూడో తొట్టిలో నీళ్లు సగం తోడేసరికి ఓబుళప్ప వేళ్లు తిమ్మిరెక్కాయి. చేతులు బయటికి తీసి, చంకల్లో దోపుకొని, కాసేపు అట్లాగే నిలబడ్డాడు. ఆ గది ఎప్పుడూ పద్దెనిమిది డిగ్రీల దగ్గరే ఉండాలి. బయట పెనుకొండ కొండ మీది బండలు పొద్దున ఏడింటికే కాలడం మొదలుపెట్టే ఎండాకాలంలో కూడా, లోపల అతను మట్టిరంగు స్వెట్టరు తొడుక్కొని పని చేస్తాడు. సైకిలు హ్యాండిలుకు ఆ స్వెట్టరు వేలాడేసుకొని వస్తుంటే టీ అంగడి దగ్గరి వాళ్లు, "ఏమప్పా, చలి జాస్తిగా ఉండాదా?" అని నవ్వుతారు. ఐదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. అతనూ ఐదేళ్లుగా తల ఊపి పోతూనే ఉన్నాడు.

గోడ వెంబడి రెండు వరసల్లో ఇరవై నాలుగు గాజు తొట్లు. ఒక్కో తొట్టిలో ఒక్కో సాలమాండర్. ఆ మాట నోరు తిరగక మొదట్లోనే అతను వాటికి నీటిబల్లులని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇక్కడ పరిశోధన చేసే అరుణ మేడమ్ కూడా అట్లాగే అంటుంది. జానెడు పొడవు, పాలలో చిటికెడు కుంకుమ కలిపినట్టుండే లేత ఒళ్లు, మెడకు అటు మూడు ఇటు మూడు ఈకల్లాంటి ఎర్రటి మొప్పలు, రెప్పలు లేని కళ్లు. కొన్ని మాత్రం నల్లవి, తడి బొగ్గులా నిగనిగలాడతాయి. నీళ్లు మార్చేటప్పుడు ఏవీ కంగారుపడవు. నాలుగు కాళ్లూ అడుగున ఆనించి, ఎవరో వచ్చి పోతున్నారన్నట్టు చూస్తుంటాయి.

గొట్టంతో అడుగు మురికి లాగేయడం, నీలం డ్రమ్ముల్లో రెండు దినాలు నిలవబెట్టిన నీళ్లు పోయడం, వెనక పేడగుంతలో తాను పెంచిన వానపాముల్ని కడిగి ముక్కలు కోసి చిమటాతో అందించడం, ఏది తిన్నది ఏది తినలేదు రాసిపెట్టడం. ఇదీ అతని పని. చదువు ఐదో తరగతి. అక్షరాలు మాత్రం గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా, పడుగు పోగుల్లా వరసగా ఉంటాయి.

మగ్గం గుంతలో ముప్పై ఏళ్లు కూర్చున్నవాడు. పుట్టింది ముదిగుబ్బ పక్కన గొర్రెలు కాసే ఇంట్లో. పదమూడో ఏట నాయన తీసుకొచ్చి ధర్మవరంలో ఒక సావుకారు మగ్గాల ఇంట్లో వదిలాడు. అక్కడే వీపు వంగింది. అక్కడే కంటికి పదును వచ్చింది. ఒకే రంగు అద్దకంలో రెండు పట్టు చుట్టల మధ్య నూలుపోగంత తేడా ఉన్నా, దీపం లేకుండానే చెప్పేవాడు. అక్కడే నరసక్కను చూశాడు. సావుకారు పంచలో రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టే పిల్ల. పోగు తెగితే దాన్నే తిట్టేది, తెంపినవాణ్ణీ తిట్టేది. పెళ్లయిన తర్వాత వాళ్లకు పిల్లలు పుట్టలేదు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు, అతనూ ఎత్తలేదు.

మరమగ్గాలు వచ్చి గుంతలు ఒక్కొక్కటే పూడుతుంటే ఇద్దరూ మూటాముల్లె సర్దుకొని పెనుకొండ దగ్గర ఆమె పుట్టిన ఊరికి వచ్చారు. ఆ రోజుల్లోనే పరిశోధన చేసేవాళ్లెవరో ఊరవతల పాత బంగళా ఒకటి తీసుకొని కప్పల కోసం మనుషుల్ని వెతుకుతున్నారని తెలిసింది. వాళ్లకు కావలసినవి చెరువు కప్పలు కావు. వాన పడి ఎండిన నేలలో జానెడు లోతున ఎనిమిది నెలలు కదలకుండా పడుండే మట్టికప్పలు. అన్నాళ్లు మట్టిలో ఉండి వాటి ఒంటికి బూజు ఎందుకు పట్టదో, ఏది కాపాడుతుందో కనిపెట్టాలట. గొర్రెల వెంట తిరిగిన కాలంలోనే ఓబుళప్పకు ఆ విద్య తెలుసు. నెర్రెలిచ్చిన నేలను కాలితో తట్టి, "ఈడ ఉండాది" అని పారతో తవ్వితే, కజ్జికాయలా ఉబ్బిన కప్ప మట్టి ముద్దలో కళ్లు మూసుకొని ఉండేది. హిందూపురం నుంచి మడకశిర దాకా అతను తవ్వని ఎండు కుంట లేదు. ఐదేళ్ల కిందట బెంగళూరు నుంచి మంచు పెట్టెల్లో ఈ నీటిబల్లులు వచ్చాయి. అప్పటినుంచి అతను చలిగదిలోకి మారాడు.

పదకొండో తొట్టి పని ముగించి పన్నెండో దాని ముందు కూర్చున్నాడు. కూర్చునే ముందు రోజూలాగే చేతులు స్వెట్టరుకు తుడుచుకున్నాడు.

పన్నెండో నంబరుది తెల్లటి ఒళ్లు. దాని వీపు మీద గోరంత నల్లటి చర్మం అతికించి ఇవాళ్టికి యాభైమూడో రోజు. నల్లదాని చర్మం కోసి తెల్లదానికి అతకడమే అరుణ చేస్తున్న పని. మొదటిసారి చేసినప్పుడు ఆమె అతనికి అర్థమయ్యేట్టు చెప్పింది. "అన్నా, ఒంట్లో కావలివాళ్లు ఉంటారు అనుకో. తమది కానిది ఏదొచ్చినా పట్టి తరుముతారు. ఎలుకల్లో ఐతే ఈ అతుకు పదిపన్నెండు దినాల్లో ఎండి రాలిపోతాది. వీటి కావలి నిదానం. నెల దాటినా ఊరికే చూస్తాంటారు. ఏంటికి చూస్తాంటారో తెలిస్తే మనుషులకు పనికొస్తాది." అతనికి ఆ మాట బాగా అర్థమైంది. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికిన చేతులవి. కొన్ని వేల అతుకుల్లో ఒక్కటి పట్టకపోయినా చీరె అంతా తెలుస్తుంది.

అతని ఎడమ డొక్కలో కూడా ఒక గుర్తు ఉంది. మూడేళ్ల కిందట బెంగళూరులో డాక్టర్లు అక్కడ కోసి ఒక కిడ్నీ తీసి నరసక్కకు పెట్టారు. ఆసుపత్రిలో అందరూ వింతగా చూశారు. మగవాళ్లకు పెండ్లాలు ఇవ్వడమే ఎప్పుడూ చూశామన్నారు. మొదటి ఏడాది ఆమె ముఖంలో కళ తిరిగి వచ్చింది. జొన్నరొట్టెలు కొట్టింది, పక్కింటివాళ్లతో పోట్లాడింది, "నీ సామాను నా కడుపులో కూచోని నన్నే అదిలిస్తాంది, ఒకటికి పదిసార్లు ఒంటేలుకు పంపిస్తాంది" అని నవ్వింది. ఆ తర్వాత జ్వరం వచ్చింది. మాత్రలు మార్చారు. మళ్లీ మార్చారు. ఆమె ఒంట్లోని కావలివాళ్లకు అతను పరాయివాడని తెలిసిపోయింది. ఎనిమిది నెలలుగా మంగళవారం, శుక్రవారం హిందూపురం పోయి మిషన్ మీద రక్తం కడిగించుకుంటోంది. రోజుకు ఇన్ని నీళ్లని కొలత. ఉప్పు లేదు, పండు లేదు, కాయ లేదు; కాయ తింటే గుండె ఆగిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. నలభై ఎనిమిది కేజీల మనిషి ముప్పై ఆరయింది.

ఆ ఎనిమిది నెలలూ అతను ఈ అతుకుల్ని చూసిన చూపు వేరు. మూడో నంబరుది ఇరవై ఎనిమిదో రోజు పోయింది. ఏడోది ముప్పై ఒకటి. పంతొమ్మిదోది నలభై. పన్నెండోది మాత్రం నిలిచింది. పోయిన వారం ఆ నల్లటి చర్మంలో సన్నని రక్తనాళాలు కదులుతూ కనబడ్డాయి. ఆ రాత్రి ఇంటికి పోయి అతను నరసక్కకు ఏమీ చెప్పలేదు గానీ అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

టార్చిలైటు వేసి, ముఖం గాజుకు ఆనించి చూశాడు.

నల్లటి అతుకు ఎడమ అంచున నూలుపోగంత మేర రంగు మారింది. నలుపు కాదు, బూడిదా కాదు. వెలిసిపోతున్న నలుపు. ఇంకెవరికీ కనిపించదు. కన్ను మూసి మళ్లీ తెరిచాడు. టార్చి అటు తిప్పి ఇటు తిప్పాడు. నీటిబల్లి మొప్పలు ఒకసారి విదిల్చి మళ్లీ ఊరుకుంది.

అతను పుస్తకం తెరిచాడు. పన్నెండో నంబరు ఎదురుగా, 'అతుకు రంగు' అన్న గడిలో, 'మామూలే' అని రాశాడు. గుండ్రంగానే రాశాడు. ఐదేళ్లలో ఆ పుస్తకంలో అతను రాసిన మొదటి అబద్ధం అది.

తొమ్మిదింటికి అరుణ వచ్చింది. కదిరి పిల్ల, ముప్పై దాటి ఉంటుంది. హెల్మెట్ తీసి, తల విదిలించి, నేరుగా చలిగదిలోకి వచ్చి పుస్తకం చూసింది. తర్వాత తొట్ల వెంట నడిచింది. పన్నెండో దాని దగ్గర వంగి చాలాసేపు ఉంది. కళ్లజోడు పైకి తోసి మళ్లీ చూసింది.

"అన్నా, పొద్దున దీని అంచు చూసినావా?"

"లేదు మేడమ్."

ఆమె అతని ముఖం వైపు చూసింది. అతను వానపాముల గిన్నె కడుగుతున్నాడు. కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతున్నాడు. ఆమె పుస్తకం తీసుకొని, అతను రాసిన మాట కొట్టేయకుండా, పక్కన తన పెన్నుతో ఏదో రాసింది. బయటికి పోబోయి ఆగింది.

"అవి కూడా అతుకును ఇడిసిపెడ్తాయన్నా. తొందరపడవు, అంతే."

అతను కొళాయి కట్టేశాడు. "మేడమ్, ఒక మాట అడుగుతా. కోప్పడొద్దండి. వీటి రక్తంలో కావలివాళ్లకు ఆగు అని చెప్పేది ఏదో ఉండాది అంటిరి గదా. పన్నెండోదాని రక్తంలో అది ఎక్కువ ఉండాది అంటిరి."

"ఉండాది అనుకుంటాండాం. ఇంకా తెలీదు."

"తెలిసేకి ఎన్నాళ్లు పడ్తాది?"

అరుణ గడప దగ్గరే నిలబడింది. ఆమెకు అతను ఎవరి కోసం అడుగుతున్నాడో తెలుసు. పోయిన నెల నరసక్కను చూడ్డానికి ఇంటికి కూడా వచ్చి పోయింది. అబద్ధం చెప్పాలనిపించినట్టు ఆమె పెదవి ఒకసారి కదిలింది.

"అన్నీ బాగా జరిగితే ఇరవై, ముప్పై ఏండ్లు అన్నా. అది కూడా జరిగితే."

"సరే మేడమ్," అన్నాడతను.

ఆమె తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. పది నిమిషాలకు అతని ఫోను మోగింది. నరసక్క చెల్లెలు పార్వతమ్మ. మంగళవారాలు ఆమే తోడు పోతుంది.

"బావా, అక్కకు ఆయాసం ఎక్కువుండాది. బస్సులోనే పడిపోయింది. ఇప్పుడు మిషన్ మీద పెట్టినారు. డాక్టరు నిన్ను రమ్మంటాండాడు."

"మాట్లాడతాందా?"

"మాట్లాడతాంది. నువ్వు రావద్దంటాంది. నువ్వు బిన్నె రా, తొందరగా."

ఫోను జేబులో పెట్టుకొని అతను స్వెట్టరు విప్పాడు. మళ్లీ తొడుక్కున్నాడు. చలిగది పక్కన ఇంకో చిన్న గది ఉంది. అందులో మనిషెత్తు ఫ్రీజరు. తెరిస్తే తెల్లటి పొగ కాళ్ల మీద పడుతుంది. ఏ అరలో ఏముందో అరుణ తర్వాత తెలిసినవాడు అతనొక్కడే, ఎందుకంటే పేర్లు రాసి అంటించింది అతనే. పన్నెండో నంబరు, నలభయ్యో రోజు. ఆ రోజు అతుకు మిలమిల మెరుస్తూ ఉంది. ఆ రోజు తీసిన రక్తం. ఎర్రదనం వేరు చేసి, పైన తేలిన లేత పసుపు నీళ్లు మాత్రం మూడు బుడ్డి గొట్టాల్లో దాచింది అరుణ. ఒక్కోటి వేరుశనక్కాయంత. ఒక్కోదాంట్లో నాలుగైదు చుక్కలు.

దీంతో ఏమీ కాదని అతనికి తెలుసు. మందు కాదు, మంత్రం కాదు. ఇప్పుడే ఆమె ముప్పై ఏళ్లని చెప్పింది, అతను విన్నాడు. తెలివి తప్పి చేసిన పని కాదది. కాకపోతే, ఆ మూడు గొట్టాలూ అక్కడే చల్లగా వరసగా నిలబడి ఉన్నాయి. హిందూపురంలో ఆమె ఊపిరి అందక ఉంది. ఊరికే చేతులు ఊపుకుంటూ పోవడం అతని వల్ల కాలేదు.

ఒక గొట్టం తీశాడు. టీ ఫ్లాస్కులో ఐసు ముక్కలు నింపి, గొట్టాన్ని గుడ్డలో చుట్టి లోపల పెట్టాడు. ఫ్రీజరు తలుపు మూసి, రబ్బరు అంచు సరిగ్గా పట్టిందా అని చుట్టూ వేలితో తడిమి చూశాడు. అరుణ గది తలుపు తట్టి, "మేడమ్, ఇంట్లో ఒళ్లు బాగలేదంట. పోయొస్తా," అన్నాడు. "పో అన్నా, పో. పొయ్యి ఫోన్ చెయ్యి," అంది ఆమె లేచి నిలబడి. అతను ఆమె కళ్లలోకి చూడలేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఫ్లాస్కు రెండు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. సోమందేపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా బీడు నేల. ఎక్కడా పచ్చదనం లేదు. గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఫ్లాస్కులో ఐసు గలగలమంది. మొదట గట్టిగా, తర్వాత మెత్తగా. చిలమత్తూరు పోయే ఆయన ఎవరో పక్కన కూర్చొని, "ఏమప్పా, ఈ ఎండకు స్వెట్టరా?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాడు. విప్పలేదు. లోపల చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇరవై ఏళ్ల కిందట ధర్మవరంలో ఒక శ్రావణమాసంలో, చేయని తప్పుకు సావుకారు తనను తిట్టినప్పుడు నరసక్క రాట్నం వదిలి లేచి వచ్చి, "పట్టు తక్కువైతే తూకం మల్లా ఎయ్యి, మనిషిని తూకం ఎయ్యొద్దు" అన్నది గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలియలేదు.

ఆసుపత్రి పై అంతస్తులో పొడవాటి గది. ఆరు మంచాలు, ఆరు మిషన్లు. చివరి మంచం మీద నరసక్క. తల కింద రెండు దిండ్లు. ముఖం ఉబ్బి, కళ్లు చిన్నవై, పెదాలు ఎండి పొలుసులు లేచి ఉన్నాయి. ఎడమ చేతిలో రెండు సూదులు. ఒక గొట్టంలో ఆమె రక్తం పోతోంది, ఇంకోదాంట్లో వస్తోంది. మిషన్ చక్రం నిదానంగా తిరుగుతోంది, రాట్నంలా కాదు, అంతకంటే నిదానంగా. డాక్టరు అతన్ని పక్కకు పిలిచాడు. గుండె చుట్టూ నీరు చేరిందనీ, బలం బాగా తగ్గిపోయిందనీ, ఇవాళ మిషన్ తట్టుకుంటే రేపు బెంగళూరు సంగతి ఆలోచిద్దామనీ చెప్పాడు. 

"చెప్పినా గదా రావద్దని," అంది నరసక్క. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి. "బల్లులకు తిండెవరు పెడ్తారు?"

"పెట్టే వచ్చినా."

అతను స్టూలు లాక్కొని కూర్చున్నాడు. పార్వతమ్మ మందులు తేవడానికి కిందికి పోయింది. పక్క మంచం మీది ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఓబుళప్ప ఫ్లాస్కు మూత తీశాడు. ఐసు చాలావరకు నీరయింది. గుడ్డ విప్పి గొట్టాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఏందది?"

చెప్పాడు. పన్నెండోదాని గురించి, యాభైమూడు రోజుల గురించి, ఆగు అని చెప్పేదాని గురించి. పొద్దున చూసిన అంచు గురించి మాత్రం చెప్పలేదు.

ఆమె వింది. కళ్లు గొట్టం మీదే ఉన్నాయి. "ఆ పిల్లకు చెప్పి తెచ్చినావా?"

అతను తడి గుడ్డను మళ్లీ మడిచాడు.

"ముప్పై ఏండ్లు మగ్గం నేసినావు. తెగిన పట్టుపోగు గూడా సావుకారు గంపలోనే యేసినావు. ఒక్క పోగు ఇంటికి తేలే." ఊపిరి కోసం ఆగింది. "ఇప్పుడు దొంగతనం నేర్చినావా?"

"నరసా, నాకు ఇంగ ఏం చెయ్యాలో తెలీలేదు."

 స్వెట్టరు చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నర్సు అటు చూసి ముఖం తిప్పుకుంది. నరసక్క సూదులు లేని చెయ్యి నిదానంగా ఎత్తి, అతని మోకాలి మీద వేసింది. ఆ చెయ్యి మిషన్ గదిలో ఉన్న అన్నిటికంటే చల్లగా ఉంది.

"ఏమంటాదో ఆ పిల్ల. ఎన్నాళ్ల కష్టమో," అంది.  మిషన్ ఒకసారి కూతపెట్టింది. నర్సు వచ్చి ఏదో నొక్కి పోయింది.

"ఇయ్యి," అంది నరసక్క.

"ఆఁ?"

"ఇయ్యి అంటాండా. నువ్వు ఇంత దూరం మోసుకోని వచ్చినాక మల్లా మోసుకోని పోతావా?"

నోరు తెరిచింది. నాలుక తెల్లగా, ఎండిన మట్టిలా ఉంది.  వేలెడంత లేని మూత ఓబుళప్ప తీయబోతే మూడుసార్లు జారింది. గొట్టాన్ని ఆమె కింది పెదవి మీద ఆనించి వంచాడు. ఒక చుక్క, రెండు, మూడు, నాలుగు. ఆమె నాలుక చప్పరించింది.

"ఏం రుచి లేదబ్బా. రవ్వంత ఉప్పగా ఉండాది." నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక అతని వంక చూసి, "ఇప్పుడు మనసు నెమ్మదిగా ఉండాదా?" అంది.

అతను తల ఊపాడు. నిజంగానే రవ్వంత నెమ్మదిగా ఉంది. అందుకు సిగ్గుగా కూడా ఉంది.

పార్వతమ్మ మందులు తెచ్చింది. నరసక్క కాసేపు కళ్లు మూసుకుంది. తెరిచి, "మూడవుతాంది. ఏమన్నా తిన్నావా?" అంది.

"తిన్నా."

"పేడ వాసన తప్ప ఏం లేదు నోట్లో. పో, టీ తాగి బన్ను తిని రా. పార్వతీ, నువ్వూ పో తల్లీ. పొద్దన్నుంచి నిలబడే ఉండావు. ఇద్దరూ నన్నే చూస్తాంటే నాకు ఊపిరాడదు."

పోనన్నాడు. ఆమె కసిరింది. ధర్మవరంలో పోగు తెంపినవాణ్ణి కసిరినట్టు, పాత నరసక్క కసిరినట్టు కసిరింది. ఆ గొంతు విని అతనికి ప్రాణం లేచి వచ్చింది. ఆ నాలుగు చుక్కలే పని చేశాయేమో అనే పిచ్చి ఆలోచన మెట్లు దిగుతుంటే వచ్చింది. దాన్ని తరమలేదు. టీ అంగడి దగ్గర పార్వతమ్మతో, "ఇప్పుడు రవ్వంత బాగుండాది గదా?" అన్నాడు. "బాగుండాది బావా," అంది పార్వతమ్మ, టీ ఊదుకుంటూ. బన్ను సగం తిన్నాడు. ఎన్నాళ్లకో ఆకలి తెలిసింది. మిగతా సగం కూడా తిన్నాడు.

పైకి వచ్చేసరికి చివరి మంచం చుట్టూ పచ్చ గుడ్డ తెర లాగి ఉంది. మిషన్ చక్రం తిరగడం లేదు. తెర కింద డాక్టరు బూట్లు, నర్సు చెప్పులు కనిపించాయి. అవి తొందరగా కదలడం లేదు. అప్పుడే అతనికి తెలిసిపోయింది.

నరసక్క పడకలో కూర్చున్నట్టే తల కాస్త పక్కకు వాల్చి ఉంది. డాక్టరు ఏవేవో చెప్పాడు. ఉన్నట్టుండి గుండె ఆగిందన్నాడు, ప్రయత్నం చేశామన్నాడు, ఇట్లాంటి స్థితిలో ఎప్పుడైనా జరగొచ్చన్నాడు. పార్వతమ్మ కింద కూలబడి నెత్తి కొట్టుకుంది. ఓబుళప్ప నరసక్క ఎడమ చేతి మీద వేలు పెట్టి చూశాడు. సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన ఆ చోట వేలు పెడితే ఎప్పుడూ తుమ్మెద పట్టుకున్నట్టు జుమ్మనేది. రోజూ పొద్దున అతనే పెట్టి చూసేవాడు. ఇప్పుడు ఏమీ లేదు. వేలు అట్లాగే ఉంచి చాలాసేపు కూర్చున్నాడు.

బండి కోసం పార్వతమ్మ కొడుకులకు ఫోన్లు చేస్తోంది. ఎండ గోడల మీదికి ఎక్కి ఎర్రబడుతోంది. ఓబుళప్ప వరండాలోకి వచ్చి అరుణకు ఫోను చేశాడు.

"అన్నా, చెప్పన్నా."

"మేడమ్, పన్నెండోదానిది, నలభయ్యో దినంది, ఒక గొట్టం నేను తీసుకోని వచ్చినా."

అవతల ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ మూడు గొట్టాల్ని ఆమె దేనికోసం దాచిందో అతనికి తెలుసు. వచ్చే నెలలో బెంగళూరు పంపాలి. ఆ రోజుది మళ్లీ తీయడానికి ఆ రోజు మళ్లీ రాదు.

"ఫ్రీజరు తలుపు సరిగ్గా ఏసినావా అన్నా?" అంది చివరికి.

"ఏసినా. వేలు పెట్టి చూసినా."

"అక్క ఎట్లుండాది?"

"లేదు మేడమ్."

మళ్లీ ఫ్యాను చప్పుడు. ఆ తర్వాత ఆమె ఏడుస్తోందని అర్థమైంది. అతను ఆగాడు. ఏడుపు సన్నబడ్డాక అడగాల్సింది అడిగాడు.

"మేడమ్, నేను అది ఆమెకు తాపినా. నాలుగు చుక్కలు. ఒకటిన్నర గంట అయినాక పోయింది. దాంతోనే ఏమన్నా అయిందా? నిజం చెప్పండి."

"లేదన్నా." వెంటనే అంది. "కడుపులోకి పోతే అన్నం ముద్ద అరిగినట్టు అరిగిపోతాది. మంచీ చెయ్యదు, చెడూ చెయ్యదు. దేవుని మీద ఒట్టు."

పొద్దున ముప్పై ఏళ్లని చెప్పే ముందు ఆమె పెదవి కదలడం అతను చూశాడు. ఇప్పుడు ముఖం కనిపించడం లేదు. రంగు చూసి చెప్పగలిగినవాడు, గొంతు విని చెప్పలేకపోయాడు.

"సరే మేడమ్," అన్నాడు. "పన్నెండో దానికి రేప్పొద్దున నీళ్లు మార్చాల. మర్చిపోవద్దండి."

లోపల నర్సు మంచం ఖాళీ చేయమంటోంది, ఇంకో మనిషి వరసలో ఉన్నాడు. నరసక్కను చక్రాల మంచం మీదికి మార్చి తీసుకుపోయారు. ఆమె సామాన్లు తీసుకోవడానికి అతను ఒక్కడే మిగిలాడు. మంచం కింద చెప్పులు, ఒక దుప్పటి, మందుల చీటీలున్న సంచి. దుప్పటి మడిచి, దిండు ఎత్తాడు. దాని కింద వార్తాకాగితం పొట్లం ఒకటి నలిగి ఉంది. విప్పాడు. పచ్చిమామిడికాయ ముక్క. గేటు బయట బుట్టల్లో అమ్మేలాంటిది, ఎవరి చేతనో తెప్పించుకున్నట్టుంది, అడ్డంగా చీరి, ఉప్పూకారం దట్టంగా అద్దినది. ఒక పక్క రెండే రెండు గాట్లు ఉన్నాయి, ముందుపళ్ల వెడల్పున, శుభ్రంగా. కొరికినచోట తెల్లటి కండ ఇంకా నల్లబడలేదు. ఉప్పు నీరై కాగితంలోకి నిదానంగా ఇంకుతోంది.